ఏప్రిల్ ఎండలో వణుకు

వైజాగ్ సముద్రంలో, అదీ ఏప్రిల్‌లో, చలేమిటని నవ్వకండి. రుషికొండ ఒడ్డున ఇసుక మీద కాలు పెట్టలేనంత ఎండ. స్కూబా డైవింగ్‌కని నీళ్ళలో దిగి పావుగంట గడిచేసరికి నా దవడలు టకటకలాడాయి. ఆ టకటకకి నేను కట్టింది మూడు వేలకి కొంచెం తక్కువ. అందులోనే ఫొటోలు, అందులోనే సూటు. సూటు అంటే ఒంటికి అతుక్కునే రబ్బరు వెట్‌సూట్, 3 మిల్లీమీటర్ల మందం, పొట్టి చేతుల షార్టీ. నాకంటే రెండు సైజులు పెద్దది. సైజు మార్చమంటే కుర్రాడు వీపు మీద జిప్పు లాగేసి, "ఫ్రీగా ఉంటుంది సార్, ఊపిరాడుతుంది" అన్నాడు. ఫ్రీగానే ఉంది. కాలు ఆడించినప్పుడల్లా మెడ దగ్గర్నుంచి చల్లటి నీళ్ళు నడుము దాకా ఫ్రీగా జారాయి.

విజయవాడ నుంచి నేను ఇంత దూరం వచ్చింది సరదాకి కాదు. మా బావ ఐర్లండ్‌లో ఉంటాడు. సెలవుల్లో ఐస్‌లాండ్ వెళ్దాం, సిల్ఫ్రాలో దిగుదాం అని ఏడాదిగా పోరుతున్నాడు. రెండు ఖండాల పలకలు విడిపోతున్న చోట ఏర్పడిన చీలిక అది. నీళ్ళు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలు. సగం ధరకి వస్తోందని 7 మిల్లీమీటర్ల వెట్‌సూట్ ఫొటో ఒకటి పంపి, "ఇది చాలు కదా?" అని అడిగాడు. ముందు మన నీళ్ళలో చలి సంగతి చూద్దామని బయల్దేరాను. సబ్‌మెరైన్ మ్యూజియం, కైలాసగిరి, సింహాచలం అన్నీ చూశాను కానీ వాటి గురించి ఇక్కడ రాయను. అందరూ రాశారు.

పైకి వచ్చాక ముంత మసాలా తిన్నాను. యాభై రూపాయలు! ముంత అని పేరేగానీ కాగితం పొట్లం, అందులోనూ సగం గాలి. తడి జుట్టుతోనే 900కె బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పక్క సీటులో అరవై దాటిన పెద్దాయన, భుజం మీద తువ్వాలు. కాసేపు నన్నే చూసి అడిగాడు.

"ఏటి బాబూ, ఇంత ఎండలో వణుకుతున్నావు? దిగొచ్చావా?"

అవునన్నాను.

"సూటు లూజుదిచ్చుంటారు."

అక్కడ మొదలైన మాటలు నేను దిగాల్సిన స్టాపు దాటిపోయినా ఆగలేదు. ఆయన పుట్టింది జాలర్ల ఇంట్లో. కుర్రతనంలో చమురు బావుల దగ్గర డైవింగ్ పనికి చేరి, బొంబాయి హైలో కొన్నేళ్ళు, ఆ తర్వాత ఉత్తర సముద్రంలో కొన్నాళ్ళు చేశాడట. అక్కడ లోతు పనికి దిగే డైవర్లకి ఓడ మీంచి గొట్టంలో వేణ్ణీళ్ళు పంపుతారు. అవి సూటంతా పారుతూ బయటికి పోతుంటాయి. "నీళ్ళ వేడి తగ్గితే వణుకు, ఎక్కువైతే చర్మం కాలుద్ది. పైన మిషను కాడున్నోడితో ఎప్పుడూ మంచిగుండాలి" అని నవ్వాడు.

వైజాగ్‌లో చలెందుకు వేసిందో కూడా ఆయనే చెప్పాడు. మార్చి, ఏప్రిల్ నెలల్లో నైరుతి గాలి ఒడ్డు వెంబడి తోస్తుంటే పై నీళ్ళు సముద్రం లోపలికి జరిగిపోతాయి. వాటి చోటికి అడుగునుంచి చల్లనీళ్ళు పైకొస్తాయి. వలవేసేవాళ్ళకి ఎప్పట్నుంచో తెలిసిన సంగతి. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త లాఫాండ్ దాన్నే కొలిచి రాశాడు. పైగా నీరు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. పాతిక డిగ్రీల గదిలో హాయిగా నిద్రపోతాం, పాతిక డిగ్రీల నీళ్ళలో గంట ఉంటే వణుకుతాం.

బావ పంపిన ఫొటో చూపించాను. ఆయన ధర చూడలేదు. "మెడ కాడ, నడుం కాడ నీకెలా పడతాదో ముందు అది చెప్పు" అన్నాడు. వెట్‌సూట్‌లోకి నీళ్ళు రావడం తప్పదు. వచ్చిన ఆ కాసిన్ని నీళ్ళు ఒంటికి అంటుకుని, కదలకుండా ఉండాలి. చలిని ఆపేది సూటు కుట్టే రబ్బరు, నియోప్రీన్‌లోని సన్నటి గ్యాస్ బుడగలు. నీళ్ళు లోపలికీ బయటికీ తిరుగుతుంటే 7 మిల్లీమీటర్లున్నా దండగే. వింటుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. కార్తీక మాసంలో తెల్లవారుజామున కృష్ణ ఘాట్‌లో మునకేయించి, నేను గెంతుతుంటే జబ్బ పట్టుకుని, "కదలకుండా నిలబడరా, చలి అదే పోతుంది" అనేది. నిలబడితే నిజంగానే కాస్త పోయేది.

కొనేటప్పుడు ఏం చూడాలో ఆయన బస్సులోనే చేసి చూపించాడు. సీటులోంచి సగం లేచి చేతులు పైకెత్తాడు, ముందుకు వంగాడు. కండక్టర్ అదోలా చూశాడు. వేసుకుని గొంతుక్కూర్చోవాలట. నడుము వెనక గానీ చంక కింద గానీ గుప్పెడు ఖాళీ కనబడితే వదిలెయ్యాలి. గట్టిగా ఊపిరి పీల్చడానికి అడ్డం రాకూడదు. సెకండ్ హ్యాండ్‌దైతే వేళ్ళతో నొక్కి చూడాలి. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోతే బుడగలు చచ్చినట్టే, ఎంత చవకైనా వద్దు.

"మరి 4 డిగ్రీల నీళ్ళకి?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. లోతుకి పోయేకొద్దీ ఒత్తిడికి బుడగలు నలిగిపోతాయి. పది మీటర్లకే ఒత్తిడి రెట్టింపు, ఇరవైకి మూడింతలు. చలి ఎక్కువయ్యే చోటే సూటు పల్చబడుతుంది. అంత చల్లటి నీళ్ళకి, లోపలికి నీళ్ళు రానివ్వని డ్రైసూటే. మెడకీ మణికట్లకీ సీళ్ళు, లోపల గాలి, ఆ గాలిని పట్టి ఉంచడానికి మందపాటి అండర్‌సూట్. వెచ్చదనం చాలావరకు ఆ లోపలిదాని వల్లే. "కాటన్ బనీను మాత్రం వద్దు బాబూ, చెమట పట్టిందంటే మంచుగడ్డే." దిగుతున్నప్పుడు సూటులోకి గాలి వదలకపోతే ఒళ్ళంతా నొక్కేస్తుంది. పైకొస్తున్నప్పుడు వదిలించుకోకపోతే గాలి కాళ్ళలోకి చేరి తలకిందులుగా పైకి తన్నేస్తుంది. అందుకే సిల్ఫ్రాలో డ్రైసూట్ శిక్షణ గానీ, తగినంత అనుభవం గానీ చూపించనిదే డైవింగ్‌కి దింపరు. అది నేను తర్వాత లాడ్జిలో చదివాను.

సూట్లు అక్కడే ఇస్తారనీ అప్పుడే తెలిసింది. బావకి మెసేజ్ పెట్టాను: ముందు ఇద్దరం డ్రైసూట్ కోర్సు చెయ్యాలి, లోపలికి ఉన్ని బట్టలు కొనుక్కుంటే చాలు, 7 మిల్లీమీటర్లది వద్దు.

చాలాసేపటికి జవాబొచ్చింది. "రెండు ఆర్డర్ పెట్టేశాను బావా. రిటర్న్ లేదట."