చెక్క కప్పు, స్లాబు కప్పు

శాక్రమెంటో చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్ల కప్పుల మీద బిగించిన సోలార్ ప్యానెళ్లను తనిఖీ చేయడం నా ఉద్యోగం. కాలిఫోర్నియాలో 2020 నుంచి కొత్తగా కట్టే ఇళ్లలో చాలావాటికి సోలార్ తప్పనిసరి కావడంతో మాకు పనికి కొదవ లేదు. నగరపాలక సంస్థ ఇన్‌స్పెక్టరు వచ్చి, కోడ్ (నిర్మాణ, విద్యుత్ నిబంధనల) ప్రకారం ఉన్నదో లేదో చూసి, సంతకం చేసి వెళ్తాడు; ఆయన చూడని చోట్లలోకి దూరడం మా వంతు. అక్కడి ఇళ్లకు చెక్క దూలాల మీద ప్లైవుడ్ పరిచి, పైన తారు పెంకులు వేస్తారు. ప్యానెళ్లను మోసే కాళ్ల స్క్రూలు సరిగ్గా దూలంలోకి దిగాలి. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి కానీ, అటకలో మోకాళ్ల మీద పాకుతూ టార్చి వేస్తే, ఒక్కోచోట స్క్రూ మొన దూలానికి అంగుళం పక్కగా ప్లైవుడ్‌ను పొడుచుకొని వచ్చి మెరుస్తూ కనిపిస్తుంది. అలాంటి కాలు గాలివానకు లేచిపోవచ్చు, ఆ రంధ్రం నుంచి నీళ్లూ దిగవచ్చు. వేసవిలో ఆ అటకల వేడి ఎంతో చెబితే రామగుండం వాళ్లు కూడా నమ్మరు.

ఈ మధ్య సెలవు మీద హైదరాబాదు వచ్చినప్పుడు, నాగోలులో మా బావమరిది మేడ మీద పెట్టించిన మూడు కిలోవాట్ల సోలార్ చూశాను. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ అప్పటికే అతని ఖాతాలో పడింది. "కరెంటు వస్తున్నది, బిల్లు తగ్గింది, ఇంకేం చూస్తవు బావా" అంటూనే నిచ్చెన తెచ్చి వేశాడు.

అలవాటు కొద్దీ నేను మొదట వెతికినవి రెండు: చూరు నుంచి కప్పు శిఖరం దాకా అగ్నిమాపక సిబ్బంది నడవడానికి వదలవలసిన 36 అంగుళాల దారి, ప్యానెళ్లను అత్యవసరంగా ఆపే మీట. ఆ మీట నిబంధన అమెరికా జాతీయ ఎలక్ట్రికల్ కోడ్‌లోకి 2014లో వచ్చింది. నొక్కిన 30 సెకన్లలో ప్యానెళ్ల మధ్య కూడా వోల్టేజీ 80 వోల్టులకు దిగాలన్న షరతు 2017 ఎడిషన్‌లో చేరింది. ఇల్లు అంటుకుంటే పొగ బయటికి పోవడానికి అగ్నిమాపక సిబ్బంది చెక్క కప్పును గొడ్డలితో, రంపంతో కోస్తారు. ఈ నిబంధనల వెనుక ఉన్నది ఆ కోత. నాగోలు స్లాబును ఎవరూ కోయరు. ఎనిమిది అడుగుల ఎత్తున జీఐ (జింకు పూత వేసిన ఇనుప) స్తంభాల మీద ప్యానెళ్లు పెట్టించి, వాటి కింద బట్టలూ వడియాలూ ఆరబెట్టుకునే మేడకు మూడడుగుల దారి లేదని వంక పెట్టడం అన్యాయం. మీట ఉంటే మంచిదే, కానీ దానికంటే ముందు చూడవలసినవి అక్కడ వేరే ఉన్నాయి.

ప్యానెళ్ల డీసీని ఇంటి ఏసీగా మార్చే ఇన్వర్టరు ఆపి, డీసీ ఐసొలేటరు అనే స్విచ్చి తిప్పిన తర్వాత వరుస చివరి కనెక్టరు పట్టుకొని చూశాను. ప్యానెల్‌తో వచ్చిన ముక్క ఒక కంపెనీది, కిందికి దిగే కేబులుకు బిగించినది ఇంకో కంపెనీది. రెండూ ఎంసీ4 అనే పేరుతోనే అమ్ముతారు, టక్కుమని అతుక్కుంటాయి కూడా. అయితే లోపలి లోహపు కొలతలూ పూతలూ ఒకటి కానప్పుడు, ఎండకూ చలికీ ఆ అతుకు వదులై, నిరోధం పెరిగి, కొన్నేళ్లకు ప్లాస్టిక్ కరుగుతుంది. ఆరు ప్యానెళ్ల వరుసలో దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది. మన ఇళ్లలోని ఏసీ సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కనుక రవ్వ లేచినా ఆరిపోయే వీలుంది. డీసీకి ఆ విరామం లేదు, ఎండ ఉన్నంతసేపు మండుతూనే ఉంటుంది. వేర్వేరు కంపెనీల ముక్కలు కలిపితే శాక్రమెంటోలోనైనా నేను ఒప్పుకోను, నాగోలులోనైనా అంతే.

స్తంభాల అడుగున మేడ మీదే వెల్డింగు చేసి వెండిరంగు పూశారు. వెల్డింగు వేడికి జింకు పూత కాలిపోతుంది కాబట్టి, ఆ రంగు కింద నుంచి అప్పుడే తుప్పు చార దిగుతోంది.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది ఎర్తింగు. పిడుగు వాహకానికి, డీసీకి, ఏసీకి మూడు గుంతలు ఉన్నాయి, మూడింటికీ సిమెంటు మూతలు ఉన్నాయి. హైదరాబాదులో కాస్త తవ్వితే గ్రానైటు తగులుతుంది. అక్కడితో పైపు కోసి, ఉప్పూ బొగ్గూ పోసి మూత పెడితే పైనుంచి ఎవరికీ తెలియదు. తెలిసిన ఎలక్ట్రీషియను దగ్గర ఎర్త్ టెస్టరు తెప్పించి కొలిస్తే, పిడుగు గుంత నిరోధం సాధారణంగా మించకూడదనే 5 ఓంల పరిమితిని చాలా మించిపోయింది. పైగా నేల తడిగా ఉన్నప్పుడు వచ్చిన లెక్క అది. మే నెలలో కొలిస్తే ఇంకా పెరుగుతుంది.

శాక్రమెంటోలో ఇన్‌స్పెక్టరు సంతకం లేనిదే విద్యుత్ సంస్థ ప్యానెళ్లను నడపనివ్వదు. ఇక్కడ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) సిబ్బంది, వచ్చే పోయే కరెంటును లెక్కించే నెట్ మీటరు దగ్గరికి వస్తారు, ఫొటోలు పోర్టలులో చేరతాయి, కానీ ప్యానెల్ వెనుక కనెక్టరూ మూత కింద పైపూ ఫొటోలో పడవు. కాంట్రాక్టరు మనిషి వచ్చి, "సార్, అన్ని ఇండ్లకు ఇట్లనే పెడుతున్నం, ఎవ్వరు అడగలే" అన్నాడు. అందులో వెటకారమేమీ లేదు. కనెక్టర్లు మార్చాడు, తుప్పు గీకి జింకు పెయింటు వేశాడు. పిడుగు గుంత మాత్రం ఇంకా అలాగే ఉంది. రాయి తొలిచే కూలి ఎవరు పెట్టుకోవాలన్న దాని మీద మా బావమరిదికీ కాంట్రాక్టరుకూ ఇంకా బేరం తెగలేదు.