ఎలిసబేటా లిపా: ఐదు బంగారు పతకాలు, మూడు రకాల పడవలు

రోయింగ్‌లో గొప్ప కెరీర్ ఎవరిది అని అడిగితే చాలామంది స్టీవ్ రెడ్‌గ్రేవ్ పేరే చెప్తారు. తప్పేం లేదు. 1984 నుంచి 2000 దాకా వరసగా ఐదు ఒలింపిక్స్‌లో ఐదు బంగారు పతకాలు, మధ్యలో పెద్దపేగు జబ్బు, దాని మీద 1997లో షుగర్, పైగా అట్లాంటాలో గెలిచిన వెంటనే కెమెరా ముందే "ఇంకోసారి నేను పడవ దగ్గర కనిపిస్తే కాల్చిపారేయండి" అన్నట్టుగా మాట్లాడి, నాలుగేళ్ల తర్వాత సిడ్నీలో మళ్లీ గెలిచాడు. ఇలాంటి కథ ఎవరికైనా గుర్తుండిపోతుంది. కానీ నన్నడిగితే మాత్రం రొమేనియా రోవర్ ఎలిసబేటా లిపా పేరు చెప్తాను. ఆవిడవీ ఐదు బంగారాలే, వాటితోపాటు రెండు వెండి, ఒక కాంస్యం. ఒలింపిక్ రోయింగ్‌లో ఎనిమిది పతకాలు ఇంకెవరికీ లేవు.

మొదటి బంగారం 1984లో, 19 ఏళ్ల వయసులో. చివరిది 2004లో, 39 ఏళ్ల వయసులో. ఇరవై ఏళ్లు అనగానే అందరూ ఆశ్చర్యపోతారు గానీ నన్ను కట్టిపడేసింది ఆ ఇరవై ఏళ్లు కాదు. ఆ కాలంలో ఆవిడ ఆడిన ఆటే మారిపోయింది, ఒకసారి కాదు, రెండుసార్లు.

మొదటి మార్పు దూరం. మహిళల రోయింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 1976లో, అది కూడా 1000 మీటర్లకి. మగవాళ్లకి 2000, ఆడవాళ్లకి అందులో సగం. ఎందుకంటే... ఎందుకో మీరే ఊహించుకోండి. లిపా తొలి బంగారం, లాస్ ఏంజెలస్‌లో మారియోరా పోపెస్కుతో కలిసి డబుల్ స్కల్స్‌లో (ఇద్దరు, చేతికొక తెడ్డుతో లాగే పడవ) గెలిచింది, ఆ 1000 మీటర్ల రేసులోనే. మూడున్నర నిమిషాల లోపు అయిపోయింది. తర్వాతి ఒలింపిక్స్‌కి దూరం రెట్టింపైంది.

రెట్టింపు దూరమంటే అదే రేసు ఇంకాసేపు లాగడం అనుకోవద్దు. 2000 మీటర్లలో శక్తి చాలావరకు ఆక్సిజన్ మీద ఆధారపడి పుడుతుంది, కాబట్టి ఏడాది పొడుగునా గంటల తరబడి నెమ్మదిగా, ఒకే వేగంతో లాగే ట్రైనింగ్ కావాలి. మొదట్లోనే బలమంతా ఖర్చుపెట్టేస్తే కాళ్లలో పుట్టిన మంట చివరిదాకా వదలదు. (కాళ్లలోనే. జారే సీటు మీద కూర్చుని ముందు కాళ్లతో తన్నాలి, తర్వాత నడుము, చేతులు ఆఖర్న. ఇది చేతుల ఆట అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు.) జిమ్‌లో రోయింగ్ మెషిన్ మీద 2000 మీటర్లు పూర్తిచేసి చూసినవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది: మొదటి 500 హుషారుగా అయిపోతుంది, మూడో 500లో ఎవడు చెప్పాడ్రా ఈ పని అనిపిస్తుంది.

1984 పతకాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లున్నారు. సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ ఆ ఒలింపిక్స్‌ని బహిష్కరించాయి, రొమేనియా మాత్రం వెళ్లి మహిళల రోయింగ్‌లో ఆరింటిలో ఐదు బంగారాలు పట్టుకొచ్చింది. ఆ మాటలో కొంత నిజముంది. 1988 సియోల్‌కి తూర్పు జర్మనీ తిరిగొచ్చింది, డబుల్స్‌లో లిపా వెరోనికా కోజానుతో కలిసి వెండితో సరిపెట్టుకుంది, నలుగురు లాగే క్వాడ్‌లో కాంస్యం దక్కింది. సరే, అక్కడితో ఆగిపోయి ఉంటే ఆ విమర్శ నిలబడేది.

కానీ 1992లో బార్సిలోనాలో ఆవిడ ఒక్కరే లాగే సింగిల్ స్కల్స్‌కి దిగింది. ఇందులో దాక్కోడానికి చోటుండదు. పడవ 14 కిలోలు, పొడవు సుమారు ఎనిమిది మీటర్లు, వెడల్పు మనిషి నడుమంత కూడా ఉండదు, తెడ్లు సరిగ్గా పట్టకపోతే అలాగే ఒరిగిపోతుంది. ఆ రేసు గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా కెనడాకి చెందిన సిల్కెన్ లామన్ గురించే చెప్తారు. అదీ న్యాయమే, ఒలింపిక్స్‌కి కొన్ని వారాల ముందు వేరే పడవ ఢీకొని ఆమె కాలి కండరాలు ఛిద్రమైపోయాయి, అయినా వచ్చి కాంస్యం గెలిచింది. ఆ కథ చెప్పుకునే హడావిడిలో బంగారం ఎవరు గెలిచారో మర్చిపోతారు. గెలిచింది లిపా, 7 నిమిషాల 25 సెకన్లలో. ఆ ఒలింపిక్స్‌లోనే డబుల్స్‌లో కూడా లాగి మళ్లీ కోజానుతోనే వెండి తెచ్చుకుంది. రెండిట్లో హీట్లు, సెమీస్, ఫైనల్స్ అన్నీ ఒక్క మనిషే లాగాలని గుర్తుపెట్టుకోండి.

ప్రపంచంలో నంబర్ వన్ సింగిల్ స్కల్లర్ అయ్యాక మామూలుగా ఎవరైనా ఏం చేస్తారు? ఆ సీటుని కాపాడుకుంటారు. కానీ లిపాకి తర్వాతి మూడు ఒలింపిక్స్ బంగారాలూ ఎనిమిది మంది కలిసి లాగే ఎయిట్‌లో వచ్చాయి: అట్లాంటా, సిడ్నీ, ఏథెన్స్. రెండో మార్పు ఇదే, నా దృష్టిలో అసలు కష్టం కూడా ఇదే. స్కల్లింగ్‌లో చేతికొక తెడ్డు, ఒళ్లు రెండు పక్కలా సమానంగా పనిచేస్తుంది. ఎయిట్ అనేది స్వీప్ పడవ, రెండు చేతులతో ఒకే పొడుగాటి తెడ్డు పట్టుకుని ఒక పక్కే లాగాలి, ప్రతి స్ట్రోక్‌కీ నడుము అటువైపే తిరుగుతుంది. నడుం నొప్పి, పక్కటెముకల్లో సన్నటి పగుళ్లు రోవర్లకి మామూలే. పడవేమో 96 కిలోలు, పదిహేడు పద్దెనిమిది మీటర్లు, చాలా వేగంగా పోతుంది కాబట్టి తెడ్డు నీళ్లలో దిగే ఆ క్షణం, క్యాచ్ అంటారు దాన్ని, కాస్త ఆలస్యమైనా మీరు పడవని లాగుతున్నట్టు కాదు, ఆపుతున్నట్టు. సింగిల్‌లో లయ మీదే. ఎయిట్‌లో ముందువాళ్ల వీపు చూస్తూ వాళ్ల లయలో కలిసిపోవాలి. స్కల్లింగ్‌లో అంత పేరు తెచ్చుకున్న మనిషి 31 ఏళ్ల వయసులో ఒలింపిక్ ఎయిట్‌లో ఇమిడిపోయి గెలవడం, ఆ తర్వాతి రెండు ఒలింపిక్స్‌లోనూ అలాగే గెలవడం నాకు రెడ్‌గ్రేవ్ ఐదింటికన్నా కూడా కష్టంగా కనిపిస్తుంది. (రెడ్‌గ్రేవ్ అభిమానులు కొట్టడానికి రావద్దు.)

ఎయిట్‌తో ఒక చిక్కుంది. పోడియం మీద కాక్స్‌తో (తెడ్డు వేయకుండా పడవకి దారి చూపించే మనిషి) కలిపి తొమ్మిది మంది నిలబడితే అందులో ఎవరు గొప్పో చూసేవాళ్లకి తెలీదు. సిడ్నీ, ఏథెన్స్ ఎయిట్‌లలో లిపాతోపాటు జార్జెటా దామియన్ కూడా ఉంది, ఆమె కూడా తర్వాత బీజింగ్‌లో గెలిచి ఐదు బంగారాల లెక్క పూర్తిచేసింది. ఐదేసి బంగారాల వాళ్లు ఇద్దరు ఒకే పడవలో! వేరే ఆటలో అయితే ఈ పాటికి పోస్టర్లు వేసేవాళ్లు.

లిపా తర్వాత రొమేనియాలో క్రీడల మంత్రిగా కూడా చేసింది, రోయింగ్ ఫెడరేషన్ అధ్యక్షురాలయింది. ఏథెన్స్ తర్వాత రొమేనియా మహిళల ఎయిట్ మళ్లీ ఒలింపిక్ బంగారం చూడడానికి 2024 పారిస్ దాకా పట్టింది. ఆ పడవలో ఉన్న అంకుత్సా బోద్నార్, సిమోనా రాదిష్ అదే పారిస్‌లో అంతకు ముందే డబుల్ స్కల్స్‌లో వెండి గెలిచి, చేతికొక తెడ్డు వదిలి ఒంటి తెడ్డు పట్టుకుని ఎయిట్‌లో కూర్చున్నారు.