ఇడిటరాడ్‌లో స్క్రాచ్: కుక్కల జట్టును ఎప్పుడు ఆపాలి, ఎలా ఆపాలి

మార్చి మొదటి వారంలో, మన దాళ్వా చేలు పాలు పోసుకునే రోజుల్లో, అలస్కాలో కుక్కబళ్ళ పందెం ఇడిటరాడ్ మొదలవుతుంది. ఒక మనిషి, ఒక స్లెడ్ (మంచు మీద జారే బండి), ముందు 16 కుక్కల దాకా. యాంకరేజ్ నుంచి బేరింగ్ సముద్రపు ఒడ్డునున్న నోమ్ వరకు దాదాపు 1,600 కిలోమీటర్ల మంచుదారి. 1973 నుంచి ఈ పందెం నడుస్తోంది. అక్కడ గడియారాలు గంట ముందుకి జరిపాక వాళ్ళ అర్ధరాత్రి మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అందుకే అన్నం తిని కూర్చుని జీపీఎస్ మ్యాప్‌లో చూడ్డానికి మనకి బాగా కుదురుతుంది.

ఆ మ్యాప్‌లో ఒక పేరు పక్కన ‘స్క్రాచ్’ అని పడగానే పాపం ఓడిపోయాడు అనేస్తారు చాలామంది. సంక్రాంతి పందేలకి గిత్తల్ని మేపే మన రైతులు అలా అనరు. జతను ఎప్పుడు విప్పెయ్యాలో తెలియడం కూడా పెంపకంలో భాగమేనని వాళ్ళకి తెలుసు. వాళ్ళలాంటి చూపున్నవాళ్ళ కోసమే ఈ వివరాలు.

పందెంలోంచి బయటికి మూడు దారులున్నాయి. మషర్, అంటే కుక్కబండి నడిపే మనిషి, తానే తప్పుకుంటే స్క్రాచ్. జట్టు మరీ వెనకబడిందనో, ముందుకి పంపడం క్షేమం కాదనో పందెం పెద్ద అధికారి రేస్ మార్షల్ ఆపేస్తే విత్‌డ్రా. రూలు తప్పితే డిస్‌క్వాలిఫై. మనం మాట్లాడుకునేది మొదటిదాని గురించే.

దారి పొడవునా చెక్‌పాయింట్లు ఉంటాయి, మన పాతకాలపు మజిలీల్లాగే. వాటిలో పశువైద్యులుంటారు. మషర్ ముందే పంపిన మేత సంచులు అక్కడ సిద్ధంగా ఉంటాయి. ఒకచోట 24 గంటలు, యూకాన్ నది మీద 8 గంటలు, వైట్ మౌంటెన్‌లో 8 గంటలు తప్పనిసరి విశ్రాంతి. అలసిన కుక్కనో, కుంటుతున్న కుక్కనో చెక్‌పాయింట్‌లో అప్పగించి మిగతావాటితో సాగిపోవచ్చు. అలా దింపిన కుక్క మళ్ళీ పందెంలోకి రాదు, దాని బదులు ఇంకోదాన్ని కట్టకూడదు. నోమ్‌లో గీత దాటేటప్పుడు కనీసం 5 కుక్కలు తాడు మీద ఉండాలి. తప్పుకునే లెక్కంతా ఈ 16కీ 5కీ మధ్యే నడుస్తుంది.

డాక్టర్లు ప్రతి జట్టులోనూ చూసేవి నాలుగు వరసలు. గుండె వేగం, ఒంట్లో నీరు. తిండి, హుషారు. బరువు. ఊపిరితిత్తులు. చూసింది మషర్ దగ్గరున్న పశువైద్యుల పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం పోగొట్టుకోకుండా నోమ్ దాకా మొయ్యాలి. మషర్ చెయ్యాల్సిన పరీక్ష మాత్రం ప్రతి ఆపులోనూ ఉంటుంది. భుజాల మధ్య చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే అతుక్కోవాలి, మెల్లగా వాలితే నీరు తగ్గినట్టు. నోట్లో చిగుళ్ళ మీద వేలు నొక్కి తీస్తే రెండు సెకన్లలోపు మళ్ళీ ఎర్రబడాలి. ముంజేతి కీలు రెండు వైపులా తడిమి వేడి, వాపు పోల్చాలి. భుజం ముందుకీ వెనక్కీ చాపి చూడాలి. వేళ్ళ మధ్య చర్మం పగిలిందేమో బూటీ (పాదానికి తొడిగే గుడ్డ జోడు) విప్పి చూడాలి. దూరప్రయాణంలో ఎక్కువగా చెడేవి భుజాలు, ముంజేతి కీళ్ళు, పాదాలు, కడుపు.

కడుపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చలిలో పరిగెత్తే కుక్కకి రోజుకి 10,000 కేలరీల పైమాటే కావాలి. అంటే కొవ్వున్న మాంసం, చేపలు, పొడి మేత, వేడి నీళ్ళలో కలిపిన గంజి, దారిలో రెండేసి గంటలకో ముక్క. ఒక కుక్క ఒక పూట ముట్టకపోతే దాన్ని కనిపెట్టి ఉండాలి. నాలుగైదు ఒకేసారి మూతి తిప్పుకుంటే ఇక పందెం గురించి ఆలోచించకూడదు, జట్టంతా జబ్బులో ఉంది. విరేచనాలు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకి రెండు రోజుల్లో జట్టును పీల్చేస్తాయి. వాంతి చేసుకున్నాక దగ్గుతూ ఎగరొప్పే కుక్క మరీ ప్రమాదం. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తే ప్రాణం పోతుంది. దాన్ని ఒక్క కిలోమీటరు కూడా పరిగెత్తించకూడదు. ఎద్దు పడుకుని కూడా నెమరు వెయ్యకపోతే మన రైతు కాడి ఎత్తడు. ఇక్కడా అదే చూపు కావాలి.

ఇప్పుడు అసలు విషయం. తప్పుకోవాలా వద్దా అన్నది చెక్‌పాయింట్‌లోనే తేల్చుకోవాలి, దారి మధ్యలో కాదు. చెక్‌పాయింట్‌లో గడ్డి పరుపు, వేడి నీళ్ళు, డాక్టరు, విమానం దిగే చోటు ఉంటాయి. దారి మధ్యలో అవేవీ ఉండవు. బయల్దేరే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ‘నోమ్ చేరగలనా’ అని కాదు. ‘తర్వాతి చెక్‌పాయింట్‌కి ఈ కుక్కలు ఆరోగ్యంగా చేరతాయా’ అని.

ఉదాహరణకి వైట్ మౌంటెన్ నుంచి నోమ్ 77 మైళ్ళు, అంటే దాదాపు 124 కిలోమీటర్లు. రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్ళి తిరిగొచ్చినంత దూరం. అక్కడ చేతిలో 7 కుక్కలున్నాయనుకుందాం. చూడ్డానికి రెండు ఎక్కువే. దారిలో ఒకటి కుంటితే దాన్ని స్లెడ్ సంచిలో పడుకోబెట్టి మొయ్యాలి. 20 కిలోల పైన బరువు పెరిగింది, లాగేవి ఆరయ్యాయి. ఆ ఆరింటి మీద భారం పెరిగి వాటిలో రెండోది కుంటుతుంది. ఇప్పుడు లాగేవి ఐదు, సంచిలో రెండు, ఎదురుగాలి. ఇలా ఒకదాని వెనక ఒకటి కూలడమే చాలా జట్లను ఆపేసేది, ఏదో ఒక్క పెద్ద గాయం కాదు. అందుకే మంచు తుపాను కబురున్నప్పుడు ఏడుతో బయల్దేరడం నా లెక్కలో తప్పు నిర్ణయం, గాలి తగ్గేదాకా ఆగాలి.

ఆ తీరంలో గాలి ఎంత పని చేస్తుందో 2014లో అందరూ చూశారు. జెఫ్ కింగ్ అప్పటికే నాలుగుసార్లు గెలిచినవాడు. ముందంజలో ఉండి, ఆఖరి చెక్‌పాయింట్ సేఫ్టీకి కాస్త ఇవతల గాలిలో చిక్కుకుని స్నోమొబైల్ సాయం తీసుకున్నాడు. దాంతో పందెం అయిపోయింది. సేఫ్టీ నుంచి నోమ్ 22 మైళ్ళే, అమలాపురం నుంచి రావులపాలెం అంత.

దారిలోనే చిక్కుకుంటే చెయ్యాల్సింది ఇది. స్లెడ్‌ను గాలికి అడ్డంగా పడెయ్యాలి, కుక్కల్ని దాని చాటుకి తెచ్చి కోట్లు తొడగాలి, ఉన్న కొవ్వు ముక్కలు పెట్టాలి, తను స్లెడ్ సంచిలో దూరాలి. స్లెడ్ మీదుండే జీపీఎస్ ట్రాకర్ మీది సాయం బటన్ నొక్కితే మనుషులొస్తారు, పందెం కూడా అక్కడితో సరి. ప్రాణం మీదికొచ్చినప్పుడు నొక్కడానికి ఒక్క క్షణం వెనకాడకూడదు.

ఒంట్లో బాగానే ఉండి మనసు విరిగిన జట్టు ఇంకో రకం. 2019లో నికొలస్ పెటీ ముందు నడుస్తుండగా షాక్టూలిక్ చెక్‌పాయింట్ దాటాక సముద్రపు మంచు మీద కుక్కలు కదలనన్నాయి. ఆయన తప్పుకున్నాడు, పీట్ కైజర్ గెలిచాడు. లాగుడు తాడు వదులుగా వేలాడటం, ముందు కుక్క పదేపదే వెనక్కి తిరిగి చూడటం, లేపితే లేచి మళ్ళీ పడుకోవడం దీనికి గుర్తులు. ముందు కుక్కను మార్చి, ఐదారు గంటలు పడుకోబెట్టి, తిండి పెట్టి ఒక్కసారి ప్రయత్నించవచ్చు. అప్పటికీ తాడు బిగవకపోతే అదిలించి లాభం లేదు.

మషర్ ఒళ్ళూ లెక్కలోకి వస్తుంది. 2021లో ఆలీ జర్కిల్ అనే మషర్ రోన్ చెక్‌పాయింట్ చేరేలోపు పడి దెబ్బ తగిలించుకుని అక్కడే ఆగింది. తలకి దెబ్బ తగిలినవాడు, వేళ్ళు గడ్డకట్టి బూటీ పట్టీ బిగించలేనివాడు కుక్కల్ని చూసుకోలేడు. పూర్తి జట్టుకి పాదానికొకటి చొప్పున 64 బూటీలు, అవి చిరిగినప్పుడల్లా మార్చాలి.

తప్పుకునే పద్ధతి చిన్నదే. ముందు డాక్టరుతో, ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలి. నిద్ర లేని బుర్రతో తేల్చెయ్యకుండా, కుక్కలు క్షేమంగా ఉంటే నాలుగు గంటలు పడుకుని లేచాక చెప్పడం మేలు. సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడం ఉండదు. తర్వాత రేస్ అధికారి ముందు కాగితం మీద సంతకం. కుక్కల్ని గొలుసుతాడుకి విడివిడిగా కట్టి, గడ్డి పరిచి, మేత పెట్టి, డాక్టరు చేత ఒక్కోదాన్నీ చూపించాలి. వాటిని తీసుకెళ్ళేవి స్వచ్ఛంద పైలట్ల చిన్న విమానాలు. వాతావరణం బాగోకపోతే ఒకటి రెండు రోజులు ఆగాల్సి రావచ్చు, కాబట్టి మేత సంచుల్లో మిగిలింది పారెయ్యకూడదు.

ఒక పక్కమాట. ఇదంతా చూసి మన ఊళ్ళలో హస్కీని కొని బండికి కట్టి పరిగెత్తించకండి. సున్నా డిగ్రీల దగ్గరే పనిచేస్తూ వేడెక్కిపోయే ఒళ్ళు వాటిది, మన ఉక్కపోతలో చచ్చిపోతాయి.

ఇల్లు చేరాక మేత ఒక్కసారిగా కోసెయ్యకుండా మెల్లగా తగ్గించాలి. కీళ్ళు వాచినవాటిని వాపు పూర్తిగా దిగేదాకా పరుగుకి తియ్యకూడదు. మంచు మీద మొరాయించిన జట్టుకయితే మళ్ళీ మొదటి పరుగులు పొట్టిగా ఉండాలి. కుక్కలు ఇంకా వెళ్దామని తాడు బిగించి లాగుతుండగానే వాటిని ఇంటివైపు తిప్పాలి. అలా కొన్ని వారాలు సాగాకే దూరం పెంచాలి.