మావయ్య దాచిన క్యాసెట్

మావాడి దృష్టిలో తెలుగు పాటలన్నీ అమ్మవి, ఇంగ్లిష్ పాటలన్నీ తనవి. అమెరికాలో పుట్టి పెరిగిన పదమూడేళ్ల పిల్లాడు అలా అనుకోవడంలో వింతేమీ లేదు. మొన్న వేసవి సెలవుల్లో విజయవాడ వెళ్లినప్పుడు మా అన్నయ్య ఆ పంపకాన్ని తిరగరాశాడు.

కాలేజీ రోజుల్లో గవర్నర్‌పేటలో కొన్న మైకేల్ జాక్సన్ ‘బ్యాడ్’ క్యాసెట్ అన్నయ్య దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది. బీరువాలోంచి తీసి, "ఏరా అల్లుడూ, జాక్సన్ మీ ఒక్కళ్లవాడే అనుకున్నావా?" అంటూ వాడి చేతిలో పెట్టాడు. పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని, రాత్రి అన్నయ్య గదిలో జాక్సన్. మేం పెరిగిన ఇల్లు అది. పిల్లలకు మన పాటలు నేర్పాలని ఎంతో తాపత్రయపడతాం కానీ, ఈ సంగతి కూడా వాళ్లకు తెలియాలి.

మావాడు ఫోన్‌లో రెండు మూడు పాటలు ముక్కలు ముక్కలుగా విన్నాడంతే. టేప్ రికార్డర్‌లో అంత సులువుగా దాటేయడం కుదరదు కాబట్టి మొత్తం వినాల్సి వచ్చింది. 1982లో ‘థ్రిల్లర్’తో ఆకాశమంత పేరొచ్చాక, జాక్సన్ తర్వాతి ఆల్బమ్‌కి దాదాపు ఐదేళ్లు తీసుకున్నాడు. 1987లో వచ్చిన ఈ ‘బ్యాడ్’లో రెండు తప్ప పాటలన్నీ తనే రాసుకున్నాడు. నిర్మాత క్విన్సీ జోన్స్‌తో కలిసి చేసిన ఆఖరి ఆల్బమ్ ఇదే. ఇందులో ఐదు పాటలు అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్‌లో నంబర్ వన్ అయ్యాయి. అంతకుముందు ఏ ఆల్బమ్‌కీ ఆ ఘనత లేదు. నాకు ప్రాణమైన ‘స్మూత్ క్రిమినల్’ ఆ ఐదింటిలో లేదు, అది వేరే సంగతి.

‘మ్యాన్ ఇన్ ద మిర్రర్’ మాత్రం ఆయన రాసింది కాదు. సీడా గారెట్, గ్లెన్ బల్లార్డ్ రాశారు. మొదట్లో చిటికెలు, కాస్త కీబోర్డు, ఆ గొంతు. సగం దాటాక ఉన్నట్టుండి శ్రుతి పైకి లేస్తుంది, బృందగానం తోడవుతుంది. సరిగ్గా అక్కడ అన్నయ్య చెయ్యెత్తి, "ఇదుగో, ఇక్కడ విను" అన్నాడు. జాక్సన్ ఒక మాట అంటాడు, వెనకవాళ్లు అందుకుంటారు, వేడి పెరుగుతూ పోతుంది. మన భజనలో ఊపొచ్చినట్టే. మావాడు టేపు వెనక్కి తిప్పించుకుని అదే చోటు మళ్లీ మళ్లీ విన్నాడు.

ఇప్పుడు ఆదివారం వీడియో కాల్‌లో మావయ్యతో వాడు వచ్చీరాని తెలుగులోనే వాదిస్తున్నాడు. ‘థ్రిల్లరే’ గొప్పదని అన్నయ్య, ‘బ్యాడ్’ అని వీడు. నేను మావాడి వైపే.