ఆఫీసు టెర్రస్ మీద కూరగాయలు: ముందు నీళ్లు, తర్వాతే విత్తనాలు

ఇంటి మిద్దెతోటకూ ఆఫీసు తోటకూ అసలు తేడా శని, ఆదివారాలు. ఇంట్లో ఎవరో ఒకరు చెంబుడు నీళ్లు పోస్తారు. ఆఫీసులో శుక్రవారం తాళం పడితే మళ్లీ సోమవారమే. హైదరాబాద్‌లో మా ఆఫీసు టెర్రస్ మీద 60 సంచులతో తోట మొదలుపెట్టినప్పుడు ముందు విత్తనాల జాబితా రాసుకున్నాం. రాయాల్సింది నీళ్ల ఏర్పాటు.

అనుమతి అడిగితే బిల్డింగ్ వాళ్లు వేసే ప్రశ్నలు రెండే: బరువెంత, కారుతుందా? 15×15 అంగుళాల గ్రో బ్యాగ్‌లో దాదాపు 40 లీటర్ల మట్టి పడుతుంది. ఉత్త ఎర్రమట్టయితే తడిసినప్పుడు 60 కిలోలు దాటుతుంది. అందుకే ఎర్రమట్టి 4 పాళ్లు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 3, వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) 3 కలిపాం. అప్పుడు 50 కిలోల లోపే ఉంటుంది. 12×12 సంచి అందులో సగం. ఈ లెక్క కాగితం మీద పెట్టి, బీములు ఎక్కడున్నాయో ఇంజినీరుతో గుర్తు పెట్టించి, పెద్ద సంచులు ఆ గీతల మీదే పెట్టాం. ప్రతి సంచి కింద రెండు ఇటుకలు తప్పనిసరి. నేరుగా స్లాబుకు ఆనితే అడుగు రంధ్రాలు మూసుకుని, వానాకాలంలో వేర్లు కుళ్లుతాయి. వాన నీళ్ల గొట్టం మూతికి జాలీ కట్టండి. మొదటి పెద్ద వానకే కోకోపీట్ కొట్టుకొచ్చి గొట్టం పూడింది, నీళ్లు నిలిచాయి.

40 చిన్న సంచులు, 20 పెద్దవి కలిపి 1,600 లీటర్ల మిశ్రమం పట్టింది. 5 కిలోల కోకోపీట్ ఇటుకలు 7 సరిపోయాయి. నానబెట్టి రెండుసార్లు కడిగి పిండాలి, లేకపోతే అందులోని ఉప్పుకు ఆకుల అంచులు మాడతాయి. పెద్ద సంచికి 100 గ్రాములు, చిన్నదానికి 50 గ్రాముల వేపపిండి. సంచి అంచుకు రెండంగుళాలు ఖాళీ వదలండి, లేదంటే పోసిన నీళ్లు పొర్లి పోతాయి.

ఇక నీళ్లు. ఆఫీసులో ఊరికే పోయే నీళ్లు చూసి ఆశపడతాం. ఆర్‌ఓ వృథా నీటిలో లవణాలెక్కువ, ఏసీ కూలింగ్ టవర్ నుంచి వదిలే నీటిలో లవణాలతోపాటు రసాయనాలు కూడా. రెండూ వద్దు. స్ప్లిట్ ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, అవి పనికొస్తాయి, కాయిల్ శుభ్రం చేసిన రోజు తప్ప.

డ్రిప్ (బొట్టుబొట్టుగా నీళ్లు వదిలే గొట్టాలు) వేసేటప్పుడు మేం చేసిన తప్పు, గంటకు 4 లీటర్ల ప్రెషర్ కాంపెన్సేటెడ్ (ఒత్తిడి మారినా ఒకే మోతాదులో వదిలే) డ్రిప్పర్లు కొనడం. టెర్రస్ మీది ట్యాంకుకూ సంచులకూ ఎత్తు తేడా రెండు, మూడు మీటర్లే. ఆ ఒత్తిడికి అవి సరిగా తెరుచుకోవు. మామూలు డ్రిప్పర్లకు మారాం. డబ్బా మీద రాసింది నమ్మకుండా, ఒక్కో సంచి దగ్గర గ్లాసు పెట్టి పది నిమిషాలకు ఎంత పడుతుందో కొలిచాం. టైమర్ కూడా సొలినాయిడ్ (విద్యుత్ అయస్కాంతంతో తెరుచుకునే) రకం కాదు, తక్కువ ఒత్తిడిలోనూ పనిచేసే బాల్ వాల్వ్ రకం కావాలి. చిన్న సంచికి చలికాలంలో రోజుకు ఒక లీటరు చాలు. మే నెలలో పొద్దున, సాయంత్రం కలిపి రెండు లీటర్లు, పైన 50 శాతం షేడ్ నెట్.

మొదట తోటకూర, పాలకూర, మెంతికూర వేయండి. నెల తిరక్కుండా కోతకొస్తాయి, అటువైపు చూడని సహోద్యోగులు కూడా అప్పుడే పైకెక్కుతారు. వంగ, టమాటా నారు 25 రోజులది నాటాలి. బెండ ఆకు ఈనెలు పసుపెక్కితే పీకేయడమే. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, మందు లేదు. పిండినల్లికి లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం. సాయంత్రం కొట్టండి, ఏసీ బయటి గాలి పీల్చే జాలీకి దూరంగా. దగ్గరలో కొడితే ఆ వాసన కింద మీటింగ్ రూముల దాకా వెళ్తుంది. జీవామృతానికీ (ఆవు పేడ, మూత్రం పులియబెట్టిన ద్రవ ఎరువు) ఇదే జాగ్రత్త.

సొర, బీర పూత నిండా ఉండి పిందెలు రాలిపోతుంటే ఎరువు పెంచకండి. అంత ఎత్తుకు పుప్పొడి చేర్చే పురుగులు తక్కువ వస్తాయి, అందుకే పిందె నిలవదు. ఈ రెండూ సాయంత్రం పూస్తాయి కాబట్టి ఇంటికి బయల్దేరే ముందు మగపువ్వు కోసి, రేకులు తీసి, ఆడపువ్వు మధ్యలో రాస్తే చాలు. ఆడపువ్వు కింద చిన్న పిందె కనిపిస్తుంది. కాకర, దోస మాత్రం పొద్దున పూస్తాయి, ఆ పని ముందొచ్చేవాళ్లది.