పాత హాలిడే మెంబర్‌షిప్ కొన్నాను, పేరు మార్చుకోవడానికి మూడు నెలలు పట్టింది

నిన్న సాయంత్రం హాలిడే క్లబ్బు మెంబర్‌షిప్ నా పేరు మీదికి మారినట్టు మెయిల్ వచ్చింది. ఒకసారి డబ్బు కట్టి చేరితే కొన్నేళ్ళపాటు ఏటా క్లబ్బు రిసార్టుల్లో కొన్ని రోజులు ఉండొచ్చు, అదీ ఈ మెంబర్‌షిప్. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

అమ్మేవాళ్ళు దొరకడం తేలికే. 25 ఏళ్ళకని కొని, వాడుకోలేక వదిలించుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. చివరికి రెండు మిగిలాయి. రెండూ ఏడాదికి 100 పాయింట్లవే (అక్కడ ఉండే రోజుల్ని పాయింట్లలో లెక్కేస్తారు), అంటే మా నలుగురికీ మే నెలలో ఒక వారం. కూకట్‌పల్లి ఆయనది 40 వేలు, ఇంకా 5 ఏళ్ళుంది. మల్కాజిగిరి మాస్టారిది 90 వేలు, 10 ఏళ్ళుంది. ఇంట్లో అందరూ 40 వేలదే తీసుకోమన్నారు.

నేను కాగితం మీద లెక్క వేశాను. ఏది కొన్నా పేరు మార్పిడి ఫీజు 25 వేలే. ఏటా క్లబ్బుకి కట్టే మెయింటెనెన్స్ 20 వేలు, 18 శాతం జీఎస్టీతో 23,600. కొన్న ధరనీ మార్పిడి ఫీజునీ మిగిలిన ఏళ్ళకి పంచి, దీన్ని కలిపితే మాస్టారిది పాయింటుకి 351 రూపాయలు, కూకట్‌పల్లిది 366. మెయింటెనెన్స్ ఏటా పెరుగుతుంది, అది ఇందులో లేదు. ఆ తర్వాత పాయింట్ల స్టేట్‌మెంట్ అడిగాను. కూకట్‌పల్లి ఆయన రాబోయే రెండేళ్ళ పాయింట్లు ముందే వాడేసుకున్నాడు! ఐదేళ్ళ ఫీజు నేను కట్టి మూడేళ్ళే వెళ్ళాలి. అప్పుడు పాయింటు 610. ఎందుకు చెప్పలేదంటే "మీరు అడగలేదుగా" అన్నాడు. ఆ స్టేట్‌మెంట్ చూడకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.

మాస్టారితో మాట కుదిరింది. స్టాంపు పేపరు, నోటరీ ఒక పూటలో అయిపోయాయి.

ఇక క్లబ్బు ఆఫీసు. అమ్మేవాళ్ళు స్వయంగా రావాలన్నారు. మాస్టారికి 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. ఆటోలో తీసుకెళ్ళాను. పదకొండింటికి టైమిచ్చి, ఒంటిగంట దాకా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఈలోగా నన్ను, మా ఆవిడని వేరే గదిలోకి పిలిచి కొత్త మెంబర్‌షిప్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. వద్దంటే ఆ కుర్రాడు మా ఆవిడ వైపు తిరిగి, "పిల్లల కోసం కూడా పాతదే కొంటారా మేడమ్?" అన్నాడు. ఆవిడ ముఖం ఎర్రబడింది. ఆ మాట నేను మరిచిపోను.

బయటికొస్తే కౌంటర్ దగ్గర ఇంకోటి. మాస్టారి సంతకం పదిహేనేళ్ళ కిందటి ఫారంతో కలవడం లేదట. ఆయన చేతులు వణుకుతాయి. నాలుగుసార్లు పెట్టించారు. ప్రతిసారీ ఆ అమ్మాయి కాగితం పక్కకి నెట్టి "ఇంకోసారి పెట్టండి" అంది. వెనక వరసలో జనం చూస్తున్నారు. నలభై ఏళ్ళు పిల్లల చేత అక్షరాలు దిద్దించిన మనిషి, తన పేరు తాను రాయలేనివాడిలా నిలబడ్డారు. "పోనీలే బాబూ, మానేద్దాం" అన్నారు నాతో. నాకు గొంతు పట్టేసింది.

మేనేజరు దగ్గరికి వెళ్ళి గట్టిగా అడిగితేగానీ అసలు సంగతి చెప్పలేదు. పెన్షన్ పడే బ్యాంకులో సంతకం ధృవీకరించి తెస్తే చాలట. ఆ మాట ముందే చెబితే ఆ పెద్దాయన నిలబడాల్సిన పనే లేదు. బ్యాంకులో పావుగంట పట్టింది. మీకు అమ్మేది పెద్దవాళ్ళయితే ముందు బ్యాంకులో ఆ కాగితం తీసుకుని, ఆ తర్వాతే ఆఫీసు మెట్లెక్కండి. ఆ తర్వాత కూడా వాళ్ళు రెండు నెలలు తిప్పారు. ప్రతి ఫోనూ నేను తేదీ వేసి రాసుకున్నాను, అదే చివరికి పనికొచ్చింది.

ఒక మాట. ఆ వారానికి హోటల్లో మాకు 42 వేలయ్యేది, ఇక్కడ 35,100. మిగిలేది ఏడాదికి 6,900. ఒక్క ఏడాది వెళ్ళకపోతే 23,600 ఊరికే పోతుంది. ఏటా కదలని ఇంటివాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు.

మెయిల్ రాగానే మాస్టారికి ఫోన్ చేశాను. "సంతకం సరిపోయిందా బాబూ?" అనే మొదట అడిగారు.