అక్కడైతే మెయిల్ పెట్టావు కదమ్మా

"అక్కడైతే మెయిల్ పెట్టావు కదమ్మా, మరి ఇక్కడ వదిలెయ్యమంటావేంటి?" అని అడిగాడు పన్నెండేళ్ళ మా వాడు. హైదరాబాద్ మలక్‌పేటలో మా అక్కవాళ్ళింట్లో ఉన్నాం. గల్లీ ఆటకు ఇక రానంటూ బ్యాటు మూలన పెట్టేశాడు. పక్క గల్లీ నుంచి వచ్చి బౌలింగ్ వేసే ముస్లిం పిల్లవాణ్ణి మా వాడికి అన్న వరసయ్యే మా అక్క కొడుకు "నువ్వు పాకిస్తాన్‌కి వెయ్యిపో" అన్నాడట. దాని వెనకే ఇంకో మాట. అది ఇక్కడ రాయలేను. దానికి అర్థమేంటని మా వాడు అడిగితే, ఏదో తిట్టులేరా, ఆటలో ఇవన్నీ మామూలే అనేశాను.

మేముండే మెల్‌బోర్న్‌లో మొన్న ఫిబ్రవరిలో ఒక వికెట్‌కీపర్ మా వాడి చేతికున్న తోరం చూసి "మీ ఏనుగు దేవుడొచ్చి బ్యాటింగ్ చేస్తాడా" అన్నాడు. అప్పుడు మామూలే అనలేదు నేను. ఆ రాత్రే కూర్చుని ఫిర్యాదు చేస్తూ మెయిల్ రాశాను.

జూనియర్ మ్యాచ్‌లకు స్కోరింగ్ చేస్తాను కాబట్టి ఈ రూల్స్ నాకు బాగా తెలుసు. "షార్ట్ బాల్ ఆడటం నీకు రాదు" అంటే అది ఆట గురించిన మాట, తర్వాతి బంతికి పుల్ కొట్టి నోరు మూయించొచ్చు. దేవుణ్ణో, పుట్టిన మతాన్నో అంటే బ్యాట్‌తో చెప్పే జవాబు ఉండదు. అంతర్జాతీయ క్రికెట్ మండలి ఐసీసీ కూడా ఈ రెంటినీ ఒకే గాటన కట్టలేదు. మామూలు దురుసు మాట ప్రవర్తనా నియమావళి కిందికొస్తుంది. మొదటి స్థాయి తప్పయితే మహా అయితే మ్యాచ్ ఫీజులో సగం కోత, ఒకటో రెండో డీమెరిట్ పాయింట్లు. 24 నెలల్లో అవి నాలుగైతేనే సస్పెన్షన్. జాతి, మతం, రంగు, పుట్టుక మీద అన్న మాటకు వేరే నియమావళి ఉంది. అందులో మొదటి తప్పుకే ఆటకు దూరం కావాల్సి రావచ్చు.

2019 జనవరి 22న డర్బన్ వన్డేలో జరిగింది చూడండి. పాకిస్తాన్ 203కే ఆలౌటైంది. 80కే ఐదు వికెట్లు పోయిన దక్షిణాఫ్రికాను వాన్ డర్ డుసెన్, ఫెలుక్వాయో కలిసి గట్టెక్కిస్తున్నారు. బౌలింగ్‌లో ఫెలుక్వాయో అప్పటికే 4 వికెట్లు తీశాడు, బ్యాటింగ్‌లోనూ అదృష్టం అతని వైపే ఉంది. వికెట్ల వెనక నుంచి పాకిస్తాన్ కెప్టెన్ సర్ఫరాజ్ అహ్మద్ ఉర్దూలో ఫెలుక్వాయోను ఒక మాటన్నాడు. రంగుతో పిలిచి, మీ అమ్మ ఇవాళ ఎక్కడ కూర్చుంది, నీకోసం ఏం చదివించుకొచ్చావు అని. స్టంప్ మైక్ పట్టేసింది. ఏమంటున్నాడని పక్కనున్న కామెంటేటర్ అడిగితే, కామెంటరీలో ఉన్న పాకిస్తాన్ మాజీ ఆటగాడు రమీజ్ రాజా అది పెద్ద వాక్యం, అనువదించడం కష్టం అని దాటేశాడు.

హైదరాబాద్‌లో పుట్టినవాళ్ళకు దానికి అనువాదం అక్కర్లేదు. మంచి జరగాలని ప్రార్థనలు చదివించడమంటే ఏంటో, అమ్మ ప్రార్థనను ఎగతాళి చెయ్యడమంటే ఏంటో ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. ఆ మాట ఫెలుక్వాయోకు అర్థం కాకపోయినా తప్పు తప్పే అయింది. సర్ఫరాజ్ అతణ్ణి కలిసి క్షమాపణ అడిగాడు. అయినా నాలుగు సస్పెన్షన్ పాయింట్లు పడ్డాయి. రెండు వన్డేలు, రెండు టీ20లు పోయాయి. అవగాహన తరగతులకు వెళ్ళమని కూడా అన్నారు. మా వాడికి ఏదో తిట్టులేరా అని చెప్పిన దగ్గర్నుంచి నాకు రమీజ్ రాజా మాటే గుర్తొస్తోంది. అర్థం తెలిసి కూడా దాటేశాను.

మతం మాటలన్నీ తిట్టులాగే ఉండవు. 2014 ఆగస్టులో దంబుల్లా వన్డే అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌కు నడుస్తూ పాకిస్తాన్ ఆటగాడు అహ్మద్ షెహజాద్ శ్రీలంక ఆటగాడు దిల్షాన్‌తో అన్నది పైకి ఆహ్వానంలా ఉంటుంది. ముస్లిం కానివాడు ముస్లిం అయితే, ఏం చేసినా నేరుగా స్వర్గానికే అన్నాడు. దిల్షాన్ ఏదో బదులిచ్చాడు. అయితే నిప్పుకు సిద్ధంగా ఉండు అన్నాడితను. దిల్షాన్ తండ్రి మలే ముస్లిం, తల్లి బౌద్ధురాలు, అతను బౌద్ధాన్ని ఎంచుకున్నాడు. ఒక మనిషి తన ఇంట్లో తేల్చుకున్న విషయాన్ని పెవిలియన్ మెట్ల దగ్గర కదిపాడు. కెమెరా పట్టింది కాబట్టి పాకిస్తాన్ బోర్డు విచారించి సగం ఫీజు కోసింది. నవ్వుతూ, ప్రేమగా అన్నా గాయమవుతుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మైకూ కెమెరా లేకపోతే ఏమవుతుందో ఇంగ్లండ్‌కు ఆడిన ముస్లిం ఆటగాడు మొయిన్ అలీ విషయంలో తెలిసింది. 2015 కార్డిఫ్ యాషెస్ టెస్టులో 77 కొట్టి, మొత్తం ఐదు వికెట్లు తీశాడు. ఒక ఆస్ట్రేలియా ఆటగాడు తనను ఒసామా అన్నాడని 2018లో తన ఆత్మకథలో రాశాడు. అప్పట్లోనే ఆ ఆటగాణ్ణి అడిగితే, నేనన్నది అది కాదు, పార్ట్‌టైమర్ అన్నానన్నాడట. మూడేళ్ళ తర్వాత క్రికెట్ ఆస్ట్రేలియా మళ్ళీ చూసింది, కొత్త ఆధారం లేదని ఫైలు మూసేసింది.

అందుకే ఏ తల్లిదండ్రులడిగినా మొదట చెప్పేది, ఆ రోజే రాసుకోండి అని. స్కోర్‌బుక్కు అంచున ఓవరూ బంతీ వేస్తాను, 14.3 అనుకోండి, ఆ పక్కన అన్న మాట ఉన్నదున్నట్టు. ఏ భాషలో అంటే ఆ భాషలోనే. అర్థం తర్వాత, విడిగా. "మతం గురించి ఏదో అన్నాడు" అని రాశామా, అవతలి మేనేజర్ "సరదాకే" అంటాడు, కథ అక్కడికి సరి. విన్న పిల్లలను ఒక్కొక్కరిగా అడగాలి. ముగ్గుర్నీ కలిపి కూర్చోబెడితే ముగ్గురి నోటా ఒకే వాక్యం వస్తుంది, అది ఎవరిదో మనకే తెలియదు. వాట్సాప్ గ్రూపులో పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. విచారణ మొదలయ్యేలోపు రెండు జట్ల తల్లులూ మాట్లాడుకోవడం మానేస్తారు.

మైదానంలో పిల్లవాడు చెయ్యాల్సింది కొంచెమే. బౌలర్ రన్నప్ మొదలుపెట్టకముందే క్రీజు వదిలి పక్కకు జరగాలి. అంపైర్‌కు చెప్పాలి, ఫీల్డింగ్‌లో ఉంటే ముందు కెప్టెన్‌కు. ఎదురు మాట అనకూడదు. అంటే రిపోర్టులో ఇద్దరి పేర్లూ ఉంటాయి, ఎవరు ముందన్నదే చర్చ అవుతుంది. 2021 జనవరిలో సిడ్నీలో సిరాజ్ సరిగ్గా ఇదే వరసలో చేశాడు. అది మతం మాట కాదు, ఆటగాడన్నదీ కాదు, జనంలోంచి వచ్చిన జాతి దూషణ. అతను కెప్టెన్ రహానేకు చెప్పాడు, రహానే అంపైర్లకు చెప్పాడు, ఆట పది నిమిషాలు ఆగింది, ఆరుగురిని స్టాండ్‌లోంచి పంపించారు. అప్పటికి అతని తండ్రి పోయి రెండు నెలలే. ఈ ఊళ్ళో ఆటో నడిపి కొడుకుని ఆడించిన మనిషి ఆయన. ఆ ముస్లిం పిల్లవాడు బౌలింగ్ వేసేది సిరాజ్ పెరిగిన ఈ ఊరి గల్లీలోనే.

క్షమాపణ గురించి కూడా చెప్పాలి. "బాధపడి ఉంటే సారీ" అన్నదాన్ని నేను ఒప్పుకోను. తనేమన్నాడో తన నోటితో చెప్పి, అది తప్పని అనాలి. ఆ వికెట్‌కీపర్ అలాగే చెప్పాడు, వణుకుతూ. ఇప్పుడు వాడూ మా వాడూ ఒకే నెట్స్‌లో ఆడుతున్నారు.

ఇంత తెలిసి, మలక్‌పేటలో నా నోరెందుకు పెగల్లేదు? అక్క ఏమనుకుంటుందోనని. ఎక్కడినుంచో వచ్చి నా కొడుక్కి బుద్ధులు చెబుతున్నావా అంటుందేమోనని. ఇంకోటి కూడా ఉంది. అక్కడ మేం తక్కువమంది, తోరం విప్పనివ్వనన్నది నా పంతం, కాబట్టి న్యాయం అడగడం తేలిక. ఇక్కడ మేం ఎక్కువమంది.

2023 అక్టోబర్ 10న ఉప్పల్‌లో పాకిస్తాన్ ఆటగాడు రిజ్వాన్ 131 నాటౌట్‌గా నిలిచి 345 కొట్టించినప్పుడు మా అక్క కొడుకు స్టేడియంలోనే ఉన్నాడు, చప్పట్లు కూడా కొట్టాడట. నాలుగు రోజులకు అహ్మదాబాద్‌లో భారత్ మీద ఆడి అదే రిజ్వాన్ అవుటై వెళ్తుంటే జనం రాముడి పేరు అరిచారు. ఇంట్లో పొద్దున దీపం పెట్టి నేను పిల్లలతో అనిపించే పేరే అది. ఎవరి మీదికి, ఎందుకు అన్నారన్న దాన్నిబట్టి ప్రార్థన దెబ్బ అవుతుందని మా వాడికి ఎలా విడమర్చాలో తెలియక, ఆ వీడియో వచ్చినప్పుడు ఫోన్ తిప్పేశాను.

తోరం కట్టుకునే వెళ్ళమన్నది సరైన పనో కాదో కూడా ఇప్పుడు చెప్పలేను. ఆస్ట్రేలియా ఆటగాడు లబుషేన్ బ్యాటు మీద బైబిల్ వాక్యాన్ని గుర్తుచేసే గద్ద బొమ్మ ఉండొచ్చట, అదే జట్టులోని ముస్లిం ఆటగాడు ఖవాజా శాంతి పావురం బొమ్మ వేసుకుంటానంటే ఐసీసీ వద్దంది. అంత పెద్దవాళ్ళకే గీత ఎక్కడ గియ్యాలో తేలలేదు.

శనివారం మా ఫ్లైటు. నిన్న సాయంత్రం ఆ పిల్లవాడు గేటు దగ్గరికొచ్చి "బాల్ హై క్యా" అని అడిగాడు. మా వాడు కాస్కో బంతి తెచ్చి ఇచ్చాడు, ఆడటానికి మాత్రం వెళ్ళలేదు. అక్క కొడుకు లోపల టీవీ చూస్తున్నాడు. వాడి పక్కన కూర్చున్నాను. మొన్న ఏమన్నావో ఉన్నదున్నట్టు చెప్పు నాన్నా అన్నాను. వాడు రిమోట్ తీసుకుని సౌండు తగ్గించాడు. ఇంకా ఏమీ చెప్పలేదు.